ఇచ్చిన కిడ్నీ, ఉన్న కిడ్నీ

ఆ షాపుకు పెద్ద బోర్డు ఉంది కానీ దాని మీద ఏం రాసుందో ఆ వీధిలో ఎవరూ చదివిన పాపాన పోలేదు. అందరికీ అది సోఫాల అక్క షాపు. ఒకవైపు టైర్లకు పంక్చర్లు వేసే కొట్టు, ఇంకోవైపు ప్రింటింగ్ ప్రెస్సు, మధ్యలో ఇది. గుమ్మంలో అడుగు పెడితే జిగురు వాసన, కొత్త రెగ్జిన్ వాసన, వెనకగదిలోంచి చెక్కపొట్టు వాసన కలగలిసి ముక్కుకు తగులుతాయి. స్పాంజి షీట్లు పరుపుల్లా ఒకదాని మీద ఒకటి కప్పు దాకా పేర్చి ఉంటాయి.

వెనకగదిలో సోఫాలకు చెక్క చట్రాలు బిగించేది తమ్ముడు. అతనికి యాభై దగ్గర పడుతున్నా అక్క నోటి వెంట ఇప్పటికీ "చిన్నోడా" అనే వస్తుంది. అది విని వీధంతా అతన్ని చిన్నోడనే పిలుస్తుంది. ముందుగదిలో ఆ చట్రాలకు స్ప్రింగులు కట్టి, పీచు నింపి, స్పాంజి అతికించి, పైన గుడ్డ లాగి బిగించేది అక్క. తండ్రి బస్సు సీట్లు కుట్టేవాడు. చేతులు వణకడం మొదలయ్యాక ఆయన సుత్తి కింద పెడితే, పంతొమ్మిదేళ్ల అక్క దాన్ని అందుకుంది. ఆడపిల్ల మేకులు కొట్టడం ఏమిటని నవ్వినవాళ్లు, తర్వాత వాళ్ల కూతుళ్ల పెళ్లిళ్లకు సోఫాలు ఆమె దగ్గరే చేయించుకున్నారు.

పనిలో ఆమెకు పట్టింపు ఎక్కువ. గుడ్డ మూల తిరిగే చోట చిన్న మడత కనబడినా మొత్తం విప్పేసి మళ్లీ లాగుతుంది. "ఎవరు చూస్తారక్కా, అది గోడ వైపు ఉంటుంది కదా" అని చిన్నోడు అంటే, "గోడ చూస్తుందిరా" అనేది. నోరు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. బేరమాడడానికి వచ్చినవాళ్లు ఆ నవ్వు విని సగం మెత్తబడేవాళ్లు.

చిన్నోడు బతికి ఉన్నాడంటే ఆమె చలవే. ఇది మాట వరసకు అనే మాట కాదు. పదేళ్ల పైమాటే అయింది. ముందు అతని పాదాలు ఉబ్బాయి. తర్వాత నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఆసుపత్రికి వెళ్తే రెండు కిడ్నీలూ ఎండిపోయాయని చెప్పారు. వారంలో మూడు రోజులు డయాలసిస్ మిషన్ పక్కన పడుకోవడం, మిగతా రోజుల్లో ఆ అలసట నుంచి తేరుకోవడం, అదే బతుకైపోయింది. భార్య ఇస్తానంది, రక్తం కలవలేదు. తల్లి ఇస్తానంది, వయసు మీరింది. అక్కకు పరీక్షలు చేస్తే అన్నీ కలిశాయి.

బావ బస్సు కండక్టరు. మంచివాడు, భయస్తుడు. "పిల్లలు గలదానివి. రేపు నీకేదైనా అయితే?" అన్నాడు.

"నాకు రెండున్నాయి, వాడికి ఒక్కటీ లేదు. ఇందులో అంత ఆలోచించేది ఏముందండీ?" అంది అక్క.

బావ ఆ సాయంత్రమంతా వాకిట్లో అటూ ఇటూ తిరిగి, చివరికి లోపలికి వచ్చి, "నీ ఒళ్లు, నీ తమ్ముడు. అడ్డం పడడానికి నేనెవర్ని? కాఫీ ఫ్లాస్కు మాత్రం నేను మోస్తా" అన్నాడు.

అలా అక్క ఎడమ కిడ్నీ చిన్నోడి ఒంట్లోకి చేరింది. చేరిన నాటి నుంచీ అతనికి సుఖం ఉంది గానీ శాంతి లేదు. పొద్దున షాపు తలుపు తీయగానే అక్క మొదటి ప్రశ్న, "నీళ్లు తాగావా? అది నా కిడ్నీరా, ఎండబెట్టకు." మాత్ర వేసుకోవడం ఓ గంట ఆలస్యమైతే వీధి వీధంతా వినబడేలా తిట్టేది. చిన్నోడు ఎవరి మీదైనా గొంతు లేపితే, "వాడి కోపం వాడిదేనండీ, నాది కిడ్నీ మటుకే" అని వాళ్లకు సర్ది చెప్పేది. ఆ మాటలు అంటున్నప్పుడు ఆమె ముఖంలో ఓ వెలుగు ఉండేది. కుదిరిన సోఫాను వెనక్కి నడిచి చూసుకునేటప్పుడు ఉండే వెలుగే అది.

ఇలా ఉండగా ఆమెకు భోజనం చేశాక కుడి పక్కటెముకల కింద నొప్పి రావడం మొదలైంది. గ్యాసేలే అని కొన్నాళ్లు సోడాలు తాగింది. తగ్గలేదు. బావ డ్యూటీలో ఉంటే చిన్నోడే ఆమెను స్కానింగ్ సెంటరుకు తీసుకెళ్లాడు.

స్కానింగ్ చేసే డాక్టరు మాటకారి. పొట్ట మీద చల్లటి జెల్ రాస్తూ, సోఫాలో కూర్చుంటే నడుం నొప్పి ఎందుకు వస్తుందో చెప్పమని అడుగుతున్నాడు. "పిత్తాశయంలో చిన్న రాయి ఉందమ్మా, మీ నొప్పి దానిదే" అన్నాడు. ఆ తర్వాత పరికరాన్ని కాస్త పక్కకు జరిపి, మాట మధ్యలో ఆగిపోయాడు. మళ్లీ అక్కడే తిప్పాడు. తర్వాత ఎడమవైపు చూశాడు.

"ఈ పక్క కిడ్నీ కనబడటం లేదేంటమ్మా?"

"అదిగో, అక్కడ నిలబడ్డాడు చూడండి. వాడి దగ్గరుంది" అని అక్క కర్టెన్ పక్కనున్న చిన్నోడి వైపు వేలు చూపించింది.

డాక్టరు నవ్వలేదు. "ఉన్న దాంట్లో ఒక గడ్డలా కనబడుతోంది. కిడ్నీ డాక్టరుకు చూపించండి. కంగారు పడొద్దు, కానీ ఊరికే వదిలేయొద్దు."

చిన్నోడు కర్టెన్ దాటి మంచం దగ్గరికి వచ్చేశాడు. అక్క లేచి కూర్చుని పొట్ట మీది జెల్ తుడుచుకుంటూ, "రాయి కోసం వస్తే గడ్డ దొరికింది. ఒకటి కొంటే ఒకటి ఫ్రీ" అంది. బయటికొచ్చాక మాత్రం చెప్పులు తొడుక్కోవడానికి ఆమెకు కాస్త ఎక్కువసేపే పట్టింది. అది చిన్నోడు చూశాడు.

ఇంట్లో తెలిశాక అందరూ డాక్టర్లే అయ్యారు. పంక్చర్ల కొట్టాయన తన బంధువెవరికో ఇలాగే అయితే ఏదో కషాయం తాగించారన్నాడు. ప్రెస్సాయన అయితే, గడ్డంటే గడ్డే, పాముని ఇంట్లో పెట్టుకుని పడుకుంటామా, రేపే ఆ కిడ్నీ తీయించేయండన్నాడు. బావ కూడా అదే పాట. "తీయించేద్దాం. నువ్వుంటే చాలు."

"తీయించేస్తే మిగిలేది ఏదండీ? ఎలుక దూరిందని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా?" అంది అక్క. అప్పుడుగానీ బావకు వెలగలేదు, ఆమెకు ఉన్నదే ఒకటని.

కిడ్నీ ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ పెద్దగా మాట్లాడని మనిషి. ముందు రక్తపరీక్ష చేయించి, ఒంటికిడ్నీ కాబట్టి సెలైన్ ఎక్కించి, రంగుమందు ఇచ్చి సీటీ స్కాన్ తీయించింది. ఊపిరితిత్తులకు కూడా ఫొటో తీయించింది. అన్నీ వచ్చాక అక్కనూ బావనూ చిన్నోడినీ కూర్చోబెట్టి, తెర మీద బొమ్మ చూపించింది.

"వేరే దేనికోసమో స్కాన్ తీస్తే కిడ్నీలో ఇలాంటివి బయటపడటం మేం రోజూ చూస్తుంటాం. చాలామందిలో అవి ఉట్టి నీటి బుడగలు, వాటిని ముట్టుకోం కూడా. మీది నీటి బుడగ కాదమ్మా, గట్టి గడ్డ. చిన్న నిమ్మకాయంత ఉంది. ఇలాంటివాటిలో క్యాన్సర్లే ఎక్కువ, కానీ కానివీ ఉంటాయి. క్యాన్సర్ అయినా ఇంత చిన్నగా ఉన్నప్పుడు చాలావరకు నిదానంగా పెరుగుతాయి. ఇంకెక్కడికీ పాకినట్టు లేదు. ఇది అంచున, బయటికి పొడుచుకొచ్చి ఉంది, అది మనకు మంచిదే."

"ఇప్పుడేం చేస్తారు?" అన్నాడు బావ.

"చాలా దారులున్నాయి. ఏం చేయకుండా స్కాన్లు తీస్తూ కనిపెట్టుకుని ఉండొచ్చు. సూదితో ముక్క తీసి అదేంటో తేల్చుకోవచ్చు. సూదితోనే కాల్చేయొచ్చు. గడ్డ వరకు కోసి తీసి కిడ్నీని ఉంచొచ్చు. కిడ్నీ మొత్తం తీసేయడం ఆఖరి మాట. మీ విషయంలో ఆ మాట రాకుండా చూడటమే నా పని."

అంతసేపూ తల వంచుకుని కూర్చున్న చిన్నోడు ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. చొక్కా మీద నుంచే పొట్ట పట్టుకున్నాడు.

"డాక్టరమ్మా, ఇది ఆమెదే. బాగా పనిచేస్తోంది, మొన్ననే పరీక్ష చేయించా. దీన్ని తీసి ఆమెకు పెట్టేయండి. నేను మళ్లీ మిషన్ మీదికి వెళ్తా. నాకు అలవాటే."

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. మాట్లాడింది మాత్రం అక్కే.

"కూర్చోరా. అది నాది కాదు, నీది. ఇచ్చింది వెనక్కి పుచ్చుకునే ఇంట్లో పుట్టామా మనం?"

"అది కాదక్కా..."

"కూర్చోమన్నానా!"

చిన్నోడు కూర్చున్నాడు. డాక్టరమ్మ గొంతు సవరించుకుని, "ఎవరిది వాళ్ల దగ్గరే ఉంచుదాం బాబూ. మీ అక్కయ్యది కాపాడటానికి దారి ఉంది" అంది.

బయట మెట్ల మీద అక్క అతన్ని ఆపింది. బావ కింద మందుల కౌంటరు దగ్గర క్యూలో ఉన్నాడు. చిన్నోడు అన్నాళ్లుగా గొంతులో ఆపుకున్నదంతా కక్కేశాడు. "నాకివ్వకపోయుంటే నీకు రెండూ ఉండేవి. ఇవాళ ఒకటి తీసేసినా బెంగ లేకపోయేది. నిన్నిక్కడిదాకా తెచ్చింది నేనే."

అక్కకు అంత కోపం రావడం అతను ఎప్పుడూ చూడలేదు. తిట్టేటప్పటి కోపం కాదు, గొంతు తగ్గిన కోపం.

"చిన్నోడా, నా చేత్తో ఎన్నో చేశాను. సోఫాలు, కుర్చీలు, బస్సు సీట్లు. అన్నిటికన్నా బాగా కుదిరిన పని ఏదో తెలుసా? నువ్వు. నీ పిల్లలు నీ చేతుల్లో పెరిగారు, నీ భార్య నవ్వుతూ తిరుగుతోంది. ఆ పనికి నువ్వే వంక పెడతావా? దాన్ని తల్చుకుని నువ్వు తల దించుకుంటే నాకు అవమానంరా. గడ్డ వచ్చింది, వచ్చింది. దాని సంగతి చూద్దాం. దానికీ దీనికీ ముడి పెట్టావంటే షాపులోకి రానివ్వను."

చిన్నోడు మొహం తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. లోపల భయం పోలేదు కానీ దాని పక్కన ఇంకోటి వచ్చి కూర్చుంది. ఇలాంటి మనిషికి తమ్ముణ్ని అన్న గర్వం అది.

సూదితో ముక్క తీశారు. క్యాన్సరే అని తేలింది. నిదానంగా పెరిగే రకమన్నారు. కనిపెట్టుకుని ఉండటం తప్పేం కాదని, కానీ ముందు చాలా ఏళ్లు ఉన్న మనిషి కాబట్టి, గడ్డ అందే చోటే ఉంది కాబట్టి, దాన్ని కోసి తీసి కిడ్నీని ఉంచడమే తనకు నచ్చిన దారని డాక్టరమ్మ చెప్పింది.

"డయాలసిస్ రాదని మాటిస్తారా?" అంది అక్క.

"మాటివ్వలేనమ్మా. కొన్నాళ్లు అవసరం పడొచ్చు. ఎప్పటికీ ఉండిపోయే ప్రమాదం తక్కువ, కానీ లేదని చెప్పను."

"అబద్ధం చెప్పలేదు, బావుంది. మీ చేతికే ఇస్తా" అని అక్క ముందుకు వంగి, "నెలరోజులు ఆగొచ్చా?" అని అడిగింది. ఊళ్లో నాటకాలు వేసే పాత హాలులో సీట్లన్నిటికీ కొత్త గుడ్డ తొడగాలి. పని సగంలో ఉంది.

చిన్నోడు, బావ ఒకేసారి నోరు తెరిచారు. డాక్టరమ్మ వాళ్లను చేత్తో ఆపింది. "ఇంత చిన్నదానికి నెలరోజుల్లో కొంప మునగదు. కానీ నెలంటే నెలే. నాటకం మొదలయ్యేదాకా అంటే ఒప్పుకోను."

ఆ నెల చిన్నోడికి నెలలా గడవలేదు. అక్క స్పాంజి షీటు ఎత్తబోతే పరిగెత్తుకొచ్చి లాక్కునేవాడు. స్టూలు ఎక్కితే స్టూలు పట్టుకునేవాడు. "నేను లేచి తిరిగినంతసేపు రోగిని కానురా. మంచం మీద పడుకోబెట్టాక చూసుకో నీ సేవలు" అని కసిరేది. హాల్లో వరసలు వరసలుగా ఎర్ర సీట్లు లేస్తున్నాయి. ఒకరోజు మధ్యాహ్నం ఆమె పని ఆపి, వేదిక అంచున కూర్చుని, ఆ వరసల్ని ఊరికే చూస్తూ ఉండిపోయింది. అతను వెళ్లి పక్కన కూర్చున్నాడు.

"భయంగా ఉందా అక్కా?"

"లేకేం. నేనేమైనా కొయ్యబొమ్మనా?" అంది. అంతే. కాసేపటికి లేచి మళ్లీ సుత్తి అందుకుంది. ఆఖరి సీటు తొడిగాక ఒక మూల నచ్చక విప్పేసి మళ్లీ చేసింది. మర్నాడే ఆసుపత్రిలో చేరాలి. చిన్నోడు ఈసారి గోడ మాట ఎత్తలేదు. పక్కనే నిలబడి మేకులు అందించాడు.

ఆపరేషన్ రోజు వరండాలో బావ, చిన్నోడు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. కిక్కిరిసిన బస్సులో ఆ చివర నుంచి ఈ చివరకు వినబడేలా అరిచే బావ గొంతు ఆ రోజు పెదవి దాటలేదు. ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని, మూత విప్పుతూ బిగిస్తూ కూర్చున్నాడు. చివరికి దాన్ని గట్టిగా బిగించి అన్నాడు.

"ఆ రోజు కూడా ఇలాగే కూర్చున్నా. అప్పుడు మీరిద్దరూ లోపలే. మీ ఆవిడ గుండెలు బాదుకుని ఏడుస్తుంటే, నేనేమో ఎవరి గది వైపు చూడాలో తెలీక మధ్యలో గోడని చూస్తూ కూర్చున్నా."

చిన్నోడు ఇన్నేళ్లలో ఆ రోజు గురించి బావ వైపు నుంచి ఎప్పుడూ ఆలోచించలేదు. బావ చేతిలోంచి ఫ్లాస్కు తీసుకుని, కాఫీ పోసి, ముందు ఆయనకే ఇచ్చాడు.

"ఈసారి నువ్వు బయట ఉన్నావు. అదే నాకు కొండంత అండరా" అన్నాడు బావ.

డాక్టరమ్మ బయటికొచ్చి మాస్కు కిందికి లాగింది. గడ్డ చెదరకుండా వచ్చిందనీ, కోసేటప్పుడు కాసేపు కిడ్నీకి రక్తం ఆపాల్సి వచ్చిందనీ, వదలగానే దానికి మళ్లీ రంగు వచ్చిందనీ చెప్పింది. "కానీ అది ఇప్పుడు దెబ్బ తిన్న కిడ్నీ. తేరుకోవడానికి దానికి సమయం ఇద్దాం."

తర్వాతి రెండు రోజులూ ఎవరికీ ముద్ద దిగలేదు. మంచం పక్కన వేలాడే సంచిలోకి మూత్రం బొట్టుబొట్టుగానే వస్తోంది. రక్తపరీక్షలో, కిడ్నీ వడకట్టలేక మిగిలే క్రియాటినిన్ పెరుగుతోంది. ఆ అంకె పెరిగితే ఏమవుతుందో ఆ కుటుంబంలో చిన్నోడి కన్నా తెలిసినవాళ్లు ఎవరు? డయాలసిస్ గది అదే అంతస్తులో ఉంది. దాని తలుపు ముందు నుంచి నడవాల్సి వస్తే తల తిప్పుకుని నడిచాడు. అక్క మాత్రం కళ్లు మూసుకునే, "నీళ్లు తాగావా?" అని అడిగింది. అతను నవ్వలేక, ఏడవలేక, తాగానన్నాడు.

మూడో రోజు పొద్దున నర్సు కర్టెన్ పక్కకు లాగి, "రండి, చూడండి" అని పిలిచింది. సంచి సగం పైగా నిండి ఉంది. బావ వంగి దాన్ని అటు నుంచీ ఇటు నుంచీ చూశాడు. చిన్నోడు భార్యకు ఫోన్ చేసి, "వచ్చింది! బాగా వచ్చింది!" అని అరిస్తే, పక్క మంచం వాళ్లు మనవడు పుట్టాడేమో అనుకున్నారు. ఆ సాయంత్రానికి అంకె దిగడం మొదలైంది. మునుపటి చోటికి పూర్తిగా రాలేదు, కాస్త పైనే ఆగింది. అయినా మిషన్ అవసరం పడలేదు. గడ్డ అంచుల్లో క్యాన్సర్ ఏమీ మిగల్లేదని తర్వాత పరీక్షలో తేలింది.

ఇంటికొచ్చాక అక్క ఉప్పు తగ్గించింది, డాక్టర్ని అడక్కుండా నొప్పి మాత్రలు వేసుకోవడం మానేసింది, స్కాన్లు మాత్రం మానలేదు. ఇంత కథకూ కారణమైన ఆ పిత్తాశయపు రాయిని అందరూ మర్చిపోయారు. అది మళ్లీ నొప్పి పెట్టి గుర్తు చేస్తే, ఆ మరుసటి ఏడు దాన్నీ తీయించుకుంది. "పాపం, అదే లేకపోతే నా గడ్డ సంగతి నాకెవరు చెప్పేవాళ్లు?" అనేది.

ఒకసారి స్కాన్ కోసం ఆసుపత్రిలో కూర్చున్నారు. ఎదురు కుర్చీలో ఒక అమ్మాయి, ముప్పై ఏళ్లుంటాయేమో, మాటల్లో వీళ్ల సంగతి విని దగ్గరికి జరిగింది. వాళ్లన్నయ్యకు కిడ్నీ ఇవ్వడానికి పరీక్షలు చేయించుకుంటోందట.

"ఆంటీ, ఏమీ అనుకోకండి. ఇచ్చారు. తర్వాత మీకే ఇలా అయింది. మళ్లీ ఆ రోజు వస్తే ఇస్తారా?"

చిన్నోడు నేల వైపు చూశాడు. అక్క ఒళ్లోని ఫైలు పక్కన పెట్టింది. ఆ అమ్మాయి చేయి తన చేతిలోకి తీసుకుంది.

"నిన్ను ఇవ్వమని చెప్పనమ్మా. అది నీ ఒళ్లు. డాక్టర్లను గుచ్చి గుచ్చి అడుగు, బాగా ఆలోచించుకో. వద్దనుకుంటే వద్దని చెప్పు, ఎవరికీ భయపడకు. ఉన్న ఒక్కదాంట్లో గడ్డ ఉందని తెలిసిన రోజు నా ప్రాణం ఎలా విలవిల్లాడిందో నాకు తెలుసు. నా సంగతి అడిగావు కాబట్టి చెప్తున్నా. ఇస్తాను. వందసార్లు అడిగినా ఇస్తాను."

లోపలి నుంచి అక్కను పిలిచారు. ఆమె లేచి, రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగింది.

"ఒరేయ్ చిన్నోడా, ఓసారి లేచి నిలబడు."

"ఎందుకక్కా?"

"నిలబడరా. నిటారుగా. ఆ, అలా. ఇప్పుడు అటు తిరుగు." అమ్మాయి వైపు చూసి, "చూశావా?" అంది.

వరండా నిండా జనం. చెవులు ఎర్రబడుతుంటే, చిన్నోడు ఛాతీ విరుచుకుని చెప్పినట్టే తిరిగాడు.